పెద్ద నమూనా పడవకు మోటారు: లెక్క నీటి దగ్గర మొదలుపెట్టాలి

నమూనా పడవలు కట్టే మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "దీనికి ఎన్ని వాట్ల మోటారు పెట్టాలి?" దీనికి ఒక అంకె చెప్పడం కష్టమేమీ కాదు. కానీ ఆ అంకె ఒక్కటే పట్టుకుని అంగడికి వెళ్తే పనికిరాని మోటారు చేతికి వచ్చే అవకాశమే ఎక్కువ. ఎందుకంటే యాభై వాట్ల మోటార్లలో నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరిగేవీ ఉన్నాయి, రెండు వేలు మాత్రమే తిరిగేవీ ఉన్నాయి. మొదటి రకాన్ని బరువైన పడవలో నేరుగా ప్రొపెల్లర్‌కు తగిలిస్తే కొద్ది నిమిషాల్లో వైండింగ్ మాడిన వాసన వస్తుంది. రెండవ రకం అదే పడవను సాయంత్రం దాకా చల్లగా నడుపుతుంది. అందుకే మోటారును చివరన ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ముందు పడవను నీరు ఎంత బలంతో అడ్డుకుంటుందో తెలియాలి, తరువాత ఆ బలాన్ని ఎదుర్కొనే ప్రొపెల్లర్ కుదరాలి, ఆ ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరగాలో తేలాలి. అక్కడికి వచ్చాక మోటారు దాదాపు తనంతట తానే తేలిపోతుంది.

మాటలతో కాకుండా ఒక పడవ పెట్టుకుని చెబుతాను. నేను కర్నూలులో మా ఇంటి మేడమీద కడుతున్నది ఒక టగ్గు, అంటే రేవుల్లో పెద్ద ఓడలను లాగి ధక్కాకు చేర్చే పొట్టి ఓడ. అసలు ఓడ నీటి మట్టం దగ్గర 28 మీటర్ల పొడవు, ఒకే ప్రొపెల్లర్, 12 నాట్ల వేగం. దాన్ని ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే 1.4 మీటర్ల పొడవు, సుమారు 37 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. పొడవు ఇరవయ్యో వంతు అయితే బరువు ఇరవై ఘనం చొప్పున, అంటే ఎనిమిది వేల వంతుకు తగ్గుతుంది కాబట్టి 256 టన్నుల ఓడ 32 కిలోల నమూనా అవుతుంది. వేగం మాత్రం ఇరవయ్యో వంతు కాదు. ఇరవైకి వర్గమూలం దాదాపు 4.47, అసలు వేగాన్ని దానితో భాగించాలి. 12 నాట్లు అంటే గంటకు 22 కిలోమీటర్లు కాబట్టి, నమూనా వేగం గంటకు సుమారు 5 కిలోమీటర్లు, సెకనుకు 1.38 మీటర్లు. ఈ సూత్రాన్ని స్థిరపరచినవాడు విలియం ఫ్రూడ్ అనే ఆంగ్లేయ ఇంజనీరు. ఆయన 1870లలో టార్కీ పట్టణంలో పొడవైన నీటి తొట్టి కట్టించి, అందులో నమూనా ఓడలను లాగి, నీరు ఎంత అడ్డుకుంటుందో కొలిచాడు. నీటి మీద పుట్టే అలల ఆకారం నమూనాకూ అసలు ఓడకూ ఒకేలా ఉండాలంటే వేగాలు ఈ నిష్పత్తిలోనే ఉండాలి. చూసేవారి కంటికి పడవ నిజమనిపించేది కూడా ఆ అలల వల్లే.

ఇలాంటి నిండు పొట్ట పడవకు ఒక సహజమైన వేగపు హద్దు కూడా ఉంది. నీటి మట్టం దగ్గర పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.25తో గుణిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. 1.4 మీటర్ల పడవకు అది 1.48, అంటే గంటకు 5.3 కిలోమీటర్లు. ఆ వేగం దాటించాలని చూస్తే పడవ తాను లేపిన అలను తానే ఎక్కవలసి వస్తుంది. ముక్కు పైకి లేస్తుంది, వెనుక భాగం కూరుకుపోతుంది, కరెంటు రెట్టింపైనా వేగం పెరగదు. కనుక టగ్గుకు "ఇంకొంచెం పెద్ద మోటారు పెడితే ఇంకొంచెం వేగంగా పోతుంది" అన్న ఆలోచన పనికిరాదు. పెద్ద మోటారు పెట్టడానికి మంచి కారణాలు ఉన్నాయి, కానీ వేగం వాటిలో లేదు.

గంటకు 5 కిలోమీటర్లంటే మనిషి కాస్త చురుగ్గా నడిచే వేగమే. ఈ సంగతి మనకు చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే ఫ్రూడ్ తొట్టి కట్టించి చేసిన పరీక్షను మనం చెరువు గట్టున స్ప్రింగు త్రాసుతో చేయవచ్చు. ఊరికి దగ్గరగా నందికొట్కూరు దారిలో ఉన్న గార్గేయపురం చెరువు వంటి నిలకడ నీరు దీనికి అనువైనది. పడవలో ఇసుక సంచులు పెట్టి అసలు బరువుకు, అంటే మన లెక్కలో 32 కిలోలకు తేవాలి. ముక్కు దగ్గర, నీటి మట్టానికి దగ్గరగా, గట్టి గాలపు దారం కట్టాలి. దారం రెండవ కొసను త్రాసు కొక్కేనికి తగిలించి, ఆ త్రాసును ఒక పొడవాటి వెదురు గడ చివర కట్టి, గడను నీటి మీదికి చాపి గట్టు వెంబడి నడవాలి. గడ లేకపోతే పడవ గట్టువైపు వచ్చేస్తుంది. మొదట కదిలేటప్పుడు ముల్లు ఒక్కసారిగా రెండు మూడు కిలోల దాకా ఎగురుతుంది; అది పడవను కదిలించడానికి పట్టిన బలం కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పది పదిహేను అడుగులు వేశాక నడక నిలకడగా ఉన్నప్పుడు ముల్లు ఒక చోట చిన్నగా ఊగుతూ నిలుస్తుంది. ఆ ముల్లును చదవడానికి ఇంకొకరు పక్కన ఉంటే మంచిది. ఫోనులో వీడియో తీసినా సరిపోతుంది. మా టగ్గుకు అది 1.1 కిలోల దగ్గర నిలిచింది. అంటే పడవ బరువులో మూడున్నర శాతం. ఇలాంటి నిండు పొట్ట పడవలు తమ నమూనా వేగంలో ఉన్నప్పుడు మూడు నుంచి నాలుగు శాతం ఉండడం సాధారణం కనుక, త్రాసు పరీక్ష కుదరనివారు ఆ అంకెతో లెక్క మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు వాట్లు. 1.1 కిలోల బలం అంటే సుమారు 10.8 న్యూటన్లు. దాన్ని 1.38 మీటర్ల వేగంతో గుణిస్తే 15 వాట్లు. ఇంత పెద్ద పడవను నీటిలో ఆ వేగంతో జరపడానికి నిజంగా కావలసింది ఈ పదిహేను వాట్లే అంటే మొదటిసారి విన్నవారు నమ్మరు. అయితే ప్రొపెల్లర్ తనకు అందిన శక్తిలో సగానికి పైగా నీటిని తిప్పడంలోనే పోగొడుతుంది. నమూనా పడవల్లో ప్రొపెల్లర్ దగ్గర 45 శాతం నిలిస్తే మంచిదే. అప్పుడు ఇరుసు మీద 33 వాట్లు కావాలి. మోటారు సామర్థ్యం 65 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి 51 వాట్లు, ఇరుసు గొట్టంలో రాపిడికీ, మోటారు వేగాన్ని పెంచి తగ్గించే స్పీడ్ కంట్రోలర్‌కూ కొంత కలుపుకుంటే 55 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది నాలుగున్నర ఆంపియర్లు.

అసలు విషయమంతా ఉన్నది ప్రొపెల్లర్ దగ్గరే. నిజమైన టగ్గుకు పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరుగుతుంది. నమూనాలో కూడా వెనుక భాగంలో పట్టినంత పెద్దది పెట్టాలి, ఎందుకంటే ఎక్కువ నీటిని నెమ్మదిగా వెనక్కి నెట్టడం, తక్కువ నీటిని వేగంగా చిమ్మడం కంటే ఎప్పుడూ పొదుపైనదే. మా పడవకు 85 మిల్లీమీటర్ల వ్యాసం, నాలుగు రెక్కల ఇత్తడి ప్రొపెల్లర్ సరిపోయింది. దాని పిచ్, అంటే జారిపోకుండా ఉంటే ఒక చుట్టుకు అది ముందుకు సాగే దూరం, 70 మిల్లీమీటర్లు. నీటిలో ఎప్పుడూ జారుడు ఉంటుంది. బరువైన పడవలో దాన్ని 40 శాతంగా తీసుకోవచ్చు. అంటే చుట్టుకు 42 మిల్లీమీటర్లు. సెకనుకు 1.38 మీటర్లు పోవాలంటే సెకనుకు 33 చుట్లు, నిమిషానికి రెండు వేల చుట్లు కావాలి. మోటారు కొనేటప్పుడు చూడవలసింది ఈ రెండు వేలనే.

ప్రొపెల్లర్ తీసుకునే శక్తి చుట్ల వేగానికి ఘనం చొప్పున, వ్యాసానికి అయిదవ ఘాతం చొప్పున పెరుగుతుంది. 85 మిల్లీమీటర్ల బదులు పది శాతం పెద్ద ప్రొపెల్లర్ తగిలించి, అదే చుట్లు తిప్పాలంటే 61 శాతం ఎక్కువ శక్తి కావాలి. చుట్లు రెట్టింపు చేయాలంటే ఎనిమిది రెట్లు కావాలి. దీనికి మరో వైపు కూడా ఉంది: పడవ సగం వేగంతో తిరుగుతున్నప్పుడు పూర్తి వేగానికి పట్టే శక్తిలో ఎనిమిదో వంతే ఖర్చవుతుంది. చెరువులో మనం పడవ నడిపే సమయంలో ఎక్కువ భాగం అలాగే గడుస్తుంది కనుక బ్యాటరీ మనం భయపడినంత తొందరగా అయిపోదు.

ఇంత తేలాక మార్కెట్లోకి వెళ్దాం. మన దగ్గర అన్నిటికంటే సులభంగా దొరికేది 775 అనే అంకెతో పిలిచే మోటారు. చవక, బలమైనది, ప్రతి ఎలక్ట్రానిక్స్ అంగట్లోనూ, ఆన్‌లైన్‌లోనూ ఉంటుంది. 12 వోల్టుల మీద నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరిగే రకం ఎక్కువగా అమ్ముడుపోతుంది. దీన్ని నేరుగా 85 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్‌కు తగిలిస్తే, నీటి అడ్డంకి వల్ల అది తన సహజ వేగంలో మూడో వంతుకు కూడా అందుకోలేక, యాభై ఆంపియర్ల దాకా గుంజుతూ, వచ్చిన శక్తినంతా వేడిగా మారుస్తుంది. మధ్యలో ఒకటికి అయిదు నిష్పత్తిలో పళ్ళ బెల్టు, పుల్లీలు పెడితే పన్నెండు వేలు రెండు వేల నాలుగు వందలవుతాయి, కరెంటు నాలుగైదు ఆంపియర్లకు దిగుతుంది, పని చక్కగా జరుగుతుంది. ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. అయితే బెల్టు, బేరింగులు కలిసి చేసే రొద ఖాళీ పడవ పొట్టలో మారుమోగుతుంది. నిశ్శబ్దంగా నీళ్ళు చీల్చుకుంటూ పోవలసిన టగ్గు కుట్టుమిషనులా చప్పుడు చేస్తుంటే నాకు సహించదు.

రెండవది బ్రష్‌లెస్ మోటారు, అంటే లోపలికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు లేకుండా, ఎలక్ట్రానిక్ కంట్రోలర్ తిప్పే మోటారు. దీని మీద కేవీ అని ఒక అంకె ఉంటుంది. ఒక్కో వోల్టుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. డ్రోన్లకు, కార్లకు వాడే వెయ్యి, రెండు వేల కేవీ మోటార్లు మన పనికి రావు. ఎలక్ట్రిక్ స్కేటు బల్లలకు వాడే పెద్ద మోటార్లలో 190 కేవీ ప్రాంతంలో దొరుకుతాయి. 12 వోల్టుల మీద అవి 2,300 చుట్ల దగ్గర ఉంటాయి, సామర్థ్యం కూడా 80 శాతం దాటుతుంది. ఇబ్బంది నెమ్మదిగా తిరిగేటప్పుడు వస్తుంది. సెన్సారు లేని మోటారు ఎటు తిరుగుతోందో కంట్రోలర్‌కు తెలియాలంటే కొంత వేగం ఉండాలి. ఆగిన స్థితి నుంచి బయలుదేరేటప్పుడు అది ఒకటి రెండుసార్లు కుదుపు ఇచ్చి, ఒక్కసారిగా మూడు నాలుగు వందల చుట్లకు వెళ్తుంది. టగ్గు అందం ఓడ పక్కకు అంగుళం అంగుళం జరగడంలోనే ఉంది కనుక ఈ కుదుపు పెద్ద లోపమే. తిరిగే భాగం ఎక్కడుందో పసిగట్టే హాల్ సెన్సారు ఉన్న మోటారు, దానికి తగిన కంట్రోలర్ కొంటే ఇది పోతుంది. ఖర్చు భరించగలిగినవారికి అది చాలా మంచి దారి.

నేను ఎంచుకున్నది మూడవది: చిన్న కార్ల రేడియేటర్ ముందు ఉండే ఫ్యాను మోటారు. 12 వోల్టులకే తయారైంది, గంటల తరబడి ఆగకుండా తిరగడానికి, ఇంజను వేడి పక్కన బతకడానికి చేసింది. ప్లాస్టిక్ రెక్కలు తీసేశాక వట్టిగా రెండున్నర వేలకు కొంచెం పైన తిరుగుతుంది. బరువు కిలోకు పైనే, కానీ ఇక్కడ బరువు మనకు శత్రువు కాదు. 32 కిలోల పడవలో చెక్క, ఫైబరు, పై సామగ్రి కలిపి 13 కిలోలు దాటలేదు. మిగతా 19 కిలోలు ఎలాగూ అడుగున నింపవలసినవే. ఆ చోట సీసం ముక్కలు పేర్చడం కంటే పెద్ద మోటారు, పెద్ద బ్యాటరీ పెట్టుకోవడం తెలివైన పని. విమానం కట్టేవారి సలహాలు పడవకు పనికిరాకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ మోటారు కోసం కారు మెకానిక్ షెడ్లు తిరుగుతున్నప్పుడు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చెప్పిన మాట ఏ పుస్తకం కంటే తక్కువది కాదు. "సార్, ఇవి కొన్ని ఒక పక్కకే బాగ తిరుగుతాయి. ఎనక్కి తిప్పితే అంత గుంజవు, కార్బన్ల కాడ నిప్పులు రాలుతాయి. మీకు రెండు పక్కలా కావల్లంటే రెండు పక్కలా తిప్పి చూసి తీసుకోపోండి," అన్నాడు. అది పూర్తిగా నిజం. కారులో ఫ్యాను ఒకే దిక్కుకు తిరుగుతుంది కాబట్టి కొన్ని మోటార్లలో బ్రష్షుల స్థానాన్ని ఆ దిక్కుకు అనుకూలంగా కాస్త జరిపి బిగిస్తారు. టగ్గుకు వెనక్కి లాగే బలం కూడా ముఖ్యం. అందుకే బ్యాటరీ తీగలు అటూ ఇటూ మార్చి, రెండు దిక్కులా చుట్లు, కరెంటు కొలిచి, తేడా పది శాతం లోపు ఉన్నదాన్నే తీసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ మోటారుకు లేబులు ఉండదు, ఉన్నా దాని మీది వాట్లు మన పనికి అక్కరకు రావు. కావలసిన మూడు అంకెలను ఇంట్లోనే కొలుచుకోవచ్చు. డ్రిల్ మిషన్‌కు మోటారు ఇరుసును రబ్బరు గొట్టం ముక్కతో కలిపి తిప్పితే మోటారు తానే కరెంటు పుట్టిస్తుంది. మెరిసే స్టిక్కరు అంటించి టాకోమీటరుతో చుట్లు, మల్టీమీటరుతో వోల్టులు ఒకేసారి చూడాలి. నా మోటారు 2,400 చుట్ల దగ్గర 10.7 వోల్టులు ఇచ్చింది, అంటే వోల్టుకు 225 చుట్లు. రెండవ అంకె, ఏ భారమూ లేకుండా తిరిగేటప్పుడు తీసుకునే కరెంటు: 1.1 ఆంపియర్లు. మూడవది లోపలి నిరోధం. మల్టీమీటరు ఇంత చిన్న నిరోధాన్ని నమ్మకంగా చూపదు కనుక, కారు హెడ్‌లైటు బల్బు ఒకటి మోటారుతో వరుసలో కలిపి, ఇరుసును పట్టకారుతో కదలకుండా పట్టుకుని, తీగలో కరెంటునూ మోటారు చివరల మధ్య వోల్టులనూ చూడాలి. బల్బు కరెంటును నాలుగైదు ఆంపియర్ల దగ్గర ఆపుతుంది కాబట్టి మోటారుకు ప్రమాదం లేదు. 4.3 ఆంపియర్ల దగ్గర 1.3 వోల్టులు కనబడ్డాయి; భాగిస్తే 0.3 ఓములు.

ఈ మూడింటితో మోటారు జాతకమంతా బయటపడుతుంది. ఇరుసు బిగుసుకుపోతే 12ను 0.3తో భాగించగా వచ్చిన 40 ఆంపియర్లు గుంజుతుంది. భారం లేని కరెంటును ఈ నలభైతో గుణించి వర్గమూలం తీస్తే ఆరున్నర. అదే ఈ మోటారు అత్యంత పొదుపుగా పనిచేసే కరెంటు, అక్కడ సామర్థ్యం 70 శాతానికి దగ్గరగా ఉంటుంది. మన పడవకు నమూనా వేగంలో సుమారు అయిదు ఆంపియర్లు కావాలి కనుక ఆ శిఖరానికి పక్కనే ఉన్నాం. పైగా రెండు వేల చుట్లకు పదిన్నర వోల్టులే చాలు. మిగిలిన వోల్టున్నర చేతిలో ఉంటుంది.

ఆ మిగులు ఎందుకో ఆషాఢంలో రాయలసీమ గాలి చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎత్తైన పొగగొట్టం, క్యాబిన్ ఉన్న పడవకు ఎదురుగాలి నీటితో సమానంగా అడ్డుపడుతుంది. కొందరు కేసీ కాలువలో, అంటే కర్నూలు-కడప కాలువలో, నడపాలని ఉబలాటపడతారు. సాగునీటితో పాటు పడవల రాకపోకల కోసం కూడా తవ్విన కాలువ అది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేతి నుంచి 1882లో ప్రభుత్వం తీసుకుంది. ఆ చరిత్ర తలచుకుంటే నాకూ అక్కడ పడవ వదలాలనిపిస్తుంది. అయితే నీళ్ళు వదిలిన రోజుల్లో ప్రవాహం సెకనుకు మీటరు ఉన్నా, మన పడవకు ఎదురీదడానికి మిగిలేది సెకనుకు 40 సెంటీమీటర్లు. ఏ మోటారు పెట్టినా ఇది పెద్దగా మారదు, ఎందుకంటే పైన చెప్పిన వేగపు హద్దు అడ్డుంటుంది. చెరువే మేలు.

వేడి సంగతి కూడా చూసుకోవాలి. అయిదు ఆంపియర్ల దగ్గర మోటారులో పదిహేను, పదిహేడు వాట్లు వేడిగా మారతాయి. అది తక్కువే, నీటి గొట్టాలతో చల్లబరచే ఏర్పాటు అనవసరం. కానీ మన ఊళ్ళలో ఏప్రిల్, మే నెలల్లో బయట నలభై రెండు డిగ్రీలున్నప్పుడు మూత బిగించిన పడవ లోపల ఇంకా చాలా ఎక్కువ ఉంటుంది. ఫ్యాను మోటారులోని ఫెర్రైట్ అయస్కాంతాలు దీన్ని లెక్కచేయవు. బ్రష్‌లెస్ మోటార్లలోని నియోడిమియం అయస్కాంతాల్లో సాధారణ రకం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది కనుక వాటిని వాడేవారు పొగగొట్టాన్ని నిజంగానే గాలి పోయే గొట్టంగా తెరిచి ఉంచాలి. బ్యాటరీకి నేను యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 12 ఆంపియర్ అవర్ల సీల్డు బ్యాటరీలు రెండు సమాంతరంగా కలిపాను. సగం కంటే ఎక్కువ ఖాళీ చేయకుండా చూసుకున్నా పూర్తి వేగంలో రెండు గంటలకు పైగా వస్తుంది.

స్పీడ్ కంట్రోలర్ ఎంచుకునేటప్పుడు అయిదు ఆంపియర్లను కాదు, బిగుసుకుపోయినప్పటి నలభైని చూడాలి. మన చెరువుల్లో గుర్రపుడెక్క వేళ్ళు, పాత వలల దారాలు ప్రొపెల్లర్‌కు చుట్టుకోవడం మామూలే. పడవను గట్టుకు తాడుతో కట్టి పూర్తి వేగం ఇచ్చి చూస్తే, అదే చుట్లకు నడిచేటప్పటి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు కరెంటు తీసుకుంటుంది. మా టగ్గు అలా ఎనిమిది ఆంపియర్ల లోపే నిలిచింది. కనుక బ్యాటరీ దగ్గర 10 ఆంపియర్ల కారు ఫ్యూజు, దాని వెనుక ముందుకూ వెనక్కూ తిప్పగల 40 ఆంపియర్ల కంట్రోలర్ పెట్టాను. దారం చుట్టుకుంటే ఫ్యూజు పోతుంది, మిగతావి బతుకుతాయి. మోటారు రెండు చివరల మధ్య ఒకటి, ఒక్కో చివర నుంచి మోటారు ఒంటికి ఒకటి చొప్పున 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు టంకం పెడితే బ్రష్షుల నిప్పురవ్వల వల్ల రిమోటు సంకేతం చెదరదు. మోటారు ఇరుసు, ప్రొపెల్లర్ ఇరుసు ఒకే గీత మీద లేకపోతే ఈ లెక్కలన్నీ వృథా. జాయింటు బిగించాక ప్రొపెల్లర్‌ను వేలితో తిప్పి వదిలితే తడబడకుండా రెండు మూడు చుట్లు తిరిగి ఆగాలి. భారం లేని కరెంటు 1.1 నుంచి 1.4 దాటితే మోటారు కింది చెక్కదిమ్మను మళ్ళీ సవరించాలి.

ఫ్యాను మోటారు కొన్నరోజే దానికి సరిపోయే కార్బన్ బ్రష్షుల జత ఒకటి అదే షెడ్డులో అడిగి తీసుకోండి. పాత మోడల్ కార్లు తగ్గేకొద్దీ అవి దొరకడం కష్టమవుతుంది, పైగా కొలత తెలిసిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడే సరైనవి చేతికి వస్తాయి.